నల్ల గింజల సీసా

జోజమ్మకు స్పానిష్ రాదని కాదు. వచ్చిన మాటలే ఒకదాని బట్టలు ఒకటి తొడుక్కుని వచ్చేవి. అదీ ఆమె బాధ.

పల్నాడులో మిరప రైతు కూతురు జోజమ్మ. సన్యాసిని కావడానికి స్పెయిన్‌లో ఒక కొండ మీది మఠానికి వచ్చి ఏడాదిన్నర అయింది. ఆమెతో కలిపి అక్కడ ఉండేది తొమ్మిది మందే. కొత్తగా వచ్చినవాళ్ళకు చదువు చెప్పేది మదర్ రెమెదియోస్. ఎనభై నాలుగేళ్ళ మనిషి. చూపు సగం పోయింది కాని, చెవులు మాత్రం పాము చెవులు. ఆవిడ పాఠాలు బల్లల ముందు జరగవు. వంటింట్లో కూరలు తరుగుతూ, గిన్నెలు తుడుస్తూ జరుగుతాయి.

ఆ భాషలో 'కన్‌సాదా' అంటే అలసిపోయిన మనిషి. 'కసాదా' అంటే పెళ్ళయిన మనిషి. ఒక సాయంత్రం జోజమ్మ నడుం పట్టుకుని, "నాకు పెళ్ళయింది మదర్" అంది.

వంట చూసే సిస్టర్ పిలార్ కత్తి కింద పెట్టి మరీ నవ్వింది. "మాకూ అయిందమ్మా, ఆ ప్రభువుతోనే! నీలాగా నడుం పట్టుకుని ఎవరం చెప్పలేదు."

ఇంకోరోజు జుట్టు అనబోయి గుర్రం అంది. పొద్దున్నే లేచి గుర్రాన్ని శుభ్రంగా దువ్వి జడ వేసుకున్నానని చెప్పింది.

మదర్ నవ్వేది కాదు, దిద్దేది కాదు. కిటికీ పక్కన పెద్ద గాజుసీసా ఒకటి ఉండేది. దాని పక్కనే గిన్నెలో నల్ల చిక్కుడుగింజలు. గిన్నెలోంచి ఒక గింజ తీసి, సీసాలో వేసేది.

టక్.

జోజమ్మ మొదట పట్టించుకోలేదు. వయసు మళ్ళిన మనిషి, ఏదో అలవాటనుకుంది. ఆ అనుకోవడాన్ని చెడగొట్టింది సిస్టర్ లిసీ. ఈమె కేరళ నుంచి నాలుగేళ్ళ ముందు వచ్చింది. ఇద్దరూ బట్టలు ఆరేస్తున్నప్పుడు మాటల మధ్యలో చెప్పింది.

"నువ్వు ప్రమాణాలు తీసుకునే ముందు ఓటు పెడతారు, తెలుసా? ఉండమనేవాళ్ళు పెట్టెలో తెల్ల గింజ వేస్తారు. వద్దనేవాళ్ళు నల్ల గింజ. జోజప్పగారి పండుగ మర్నాడు నీ వంతు."

"వద్దంటే?"

"వద్దంటే ఏముంది, విమానం టికెట్టు."

జోజమ్మ చేతిలోని దుప్పటి జారి మట్టిలో పడింది.

నల్ల గింజ!

ఆ రోజు నుంచి ఆమె కళ్ళు సీసా మీదే. ఎవరు దాని దగ్గరికి వెళ్తున్నారు, ఎంతసేపు నిలబడుతున్నారు, అన్నీ గమనించేది. మదర్ లేనప్పుడు పిలార్ కూడా ఒక గింజ వేయడం చూసింది. అంటే ఇందులో అందరికీ వాటా ఉంది. ఒక్కోసారి తను మాట సరిగ్గానే అన్నాననుకున్నప్పుడు కూడా టక్‌మనేది. అంటే అందులోనూ తనకు తెలియని తప్పేదో ఉండే ఉంటుంది. పిలార్ రొట్టెలో పెద్ద ముక్క తనకు పెడితే, పంపించేసే ముందు జాలి చూపిస్తోందనుకుంది. పెట్టకపోతే, అప్పుడే పరాయిదాన్ని చేసేసిందనుకుంది.

ఇక నోరు కట్టేసుకుంది. ఉప్పు కావాలంటే వేలు చూపించేది. అడిగినదానికి తల ఊపేది. రోజులు గడిచి నెల అయింది. సీసాలో గింజలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఈమధ్య మన వంటిల్లు బోసిపోయింది" అంది మదర్ ఒకరోజు, బఠాణీలు ఒలుస్తూ. "ఏం బిడ్డా, పల్లెత్తు మాట లేదు?"

నన్ను మాట్లాడించి ఇంకో నల్ల గింజ వేద్దామనుకుంటోంది, అనుకుంది జోజమ్మ. తల అడ్డంగా ఊపింది. ఎదుటి మనిషికి సరిగ్గా కనపడదన్న సంగతి కూడా ఆమెకు తోచలేదు.

పండుగ ఇంకా వారం ఉంది. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ జోజమ్మ వంటింట్లోకి వెళ్ళింది. సీసా మూత తీసి, రెండు గుప్పిళ్ళ గింజలు తీసి అంగీ జేబులో పోసుకుంది. అవి ఎక్కడ పారేయాలో మాత్రం తెలియలేదు. తోటలో వేస్తే మొలకెత్తుతాయి. రైతు బిడ్డకు ఆ సంగతి ఒకరు చెప్పాలా? తొట్టిలో వేస్తే గొట్టానికి అడ్డం పడతాయి. చివరికి అవి జేబులోనే ఉండిపోయాయి. గుడిలో మోకరించినప్పుడల్లా తొడకు గుచ్చుకునేవి.

జోజప్పగారి పండుగ వచ్చింది. జోజమ్మకు ఆ పేరు పెట్టింది ఆ పునీతుడి మీదే. భోజనాల బల్ల దగ్గరికి వచ్చేసరికి బల్ల మధ్యలో ఆ సీసా ఉంది. ఖాళీగా, కడిగి తుడిచి ఉంది.

లెక్క తేల్చేశారన్నమాట.

ఇంతలో పిలార్ పొగలు కక్కే కుండ తెచ్చి బల్ల మీద పెట్టింది. నల్ల గింజల పులుసు.

మదర్ గొంతు సవరించుకుంది. "జోజమ్మా, ఈ పులుసు నీది. నువ్వు మా భాషలో నోరు విప్పినప్పుడల్లా ఒక్కో గింజ పోగేశాం. పండక్కి అందరం తినాలని."

లిసీ నవ్వింది. "తప్పు మాట్లాడినా గింజేనా మదర్?"

"తప్పో ఒప్పో, గింజ గింజే. దేనితోనైనా పులుసు కాగుతుంది."

"మరి నల్లవెందుకు?"

"కిటికీ పక్క తెల్లగట్టు మీద తెల్లవి నా కళ్ళకు ఆనవే పిల్లా!"

జోజమ్మ ఎవరివంకా చూడలేదు.

పిలార్ గరిటెతో వడ్డిస్తూ వచ్చింది. ఆ మఠంలో గురువుకు చివర వడ్డిస్తారు. మదర్ పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి గరిటె కుండ అడుగును గీసింది. పళ్ళెంలో పడింది నల్లటి నీళ్ళే.

"ఇదేంటి? తొమ్మిది మందికీ కొలిచి చూసుకున్నాను కదా, పోయిన వారం!" పిలార్ మొహం ఎర్రబడింది. "సీసాలో ఎవరో చెయ్యి పెట్టారు. లిసీ, నీకు పచ్చిగింజలు వేయించుకుని నమిలే అలవాటుంది. నువ్వేనా?"

"నేనా? దేవుడి తోడు, నేను ముట్టుకోలేదు!"

"ఈ మాటే పోయినసారి బాదంపప్పుల అప్పుడూ అన్నావు."

లిసీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మదర్ చెంచాతో ఆ నల్లటి నీళ్ళే తాగుతోంది. జోజమ్మ జేబు మీద చెయ్యి పెట్టుకుంది. ఓటు రేపే. ఎనిమిది మందీ ఇక్కడే ఉన్నారు. ఇప్పుడు నోరు మూసుకుని కూచుంటే ఎవరికీ తెలియదు.

ఆ భాషలో పాపానికీ చేపకూ మధ్య ఒక్క అక్షరమే తేడా. అది ఆమెకు తెలుసు. నిన్నటిదాకా ఆ ఒక్క అక్షరం చాలు, నోరు కుట్టేసుకోవడానికి.

జోజమ్మ లేచి నిలబడింది.

"లిసీ కాదు. నేను." జేబులోవి రెండు చేతులా తీసి బల్ల మీద పోసింది. గింజలకు దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. "మదర్, నేను... నేను పెద్ద చేప చేశాను."

పిలార్ పెదవి గట్టిగా కొరుక్కుంది.

మదర్ చెంచా కింద పెట్టింది. బల్ల మీద వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళి ఆ కుప్పలోంచి ఒక గింజ తీసుకుంది. దారప్పోగు దులిపింది. ఇంకో చేత్తో ఖాళీ సీసా దగ్గరికి జరుపుకుంది.

టక్.

"సీసాని దాని చోట పెట్టు పిలార్" అంది. "వచ్చే పండక్కి నిండాలి."