దొరగారి దానపత్రం

ఏ రాజు ఏలిన కాలమో తెలియదు గాని, కుండలవలసలో గవరమ్మ అనే కుమ్మరి మనిషి ఉండేది. తాను కుండలు కాల్చే ఆవం పక్క పాకలో తొమ్మిది మందితో ఆమె పెట్టించిన బడి పన్నెండేళ్లలో పెద్ద విద్యాశాల అయింది. ఐదూళ్ల రైతులూ నేతగాళ్లూ పని చేసుకుంటూనే వచ్చి చదువుకునేవారు. అందరూ కలిసి దానికి పుట్టెడు పొలం కూడా ఇచ్చారు.

అన్నాళ్లూ అటు తొంగిచూడని ఆ సీమ దొర ఒకనాడు పల్లకీ దిగాడు. "మీకు రాతి భవనం కట్టిస్తాను. ఈ దానపత్రం మీద చేవ్రాలు చెయ్యండి," అన్నాడు.

గవరమ్మకు అనుమానం వచ్చింది. "ఇందులో ఏముంది దొరా?"

"ఇది కోట భాష, మీకు అర్థం కాదు. భవనం మీదే, పొలమూ మీదే అని ఉంది."

"మావాళ్లు రాసుకుంటారు, మెల్లగా చెప్పండి బాబూ."

దొర చెప్పిందంతా వాళ్లు పొల్లుపోకుండా తాటాకు మీద రాశారు. గవరమ్మ ఆ ఆకు తెచ్చి దొర ముందు పెట్టింది.

"ఇవి తమరి మాటలే. దీని మీద తమరి ముద్ర వెయ్యండి. మేమూ దీని మీదే చేవ్రాలు చేస్తాం."

"మరి నా పత్రం?"

"రెండింట్లో ఉన్నది ఒకటే అన్నారు కదా బాబూ! మేం చదవగలిగిన ఈ ఆకు చాలు."

ఐదూళ్ల జనం దొర మొహంకేసి చూస్తున్నారు. కాదంటే, పొలం తన పేర రాసుకొచ్చిన సంగతి బయటపడుతుంది. దొర ముద్ర వేసి, తన పత్రాన్ని చంకలో దాచుకుని పల్లకీ ఎక్కాడు.

వానలకు ముందే భవనం లేచింది. గవరమ్మ మాత్రం నాలుగు గోడలూ కర్రతో తట్టి చూశాకే జనాన్ని లోపలికి రానిచ్చింది.