మేఘినికి తెలిసిన మాట

కొండల దిగువన ఒకానొక రాజ్యం ఉండేదట. దాని రాజు విక్రమకేతుడు. తన భాష తప్ప మిగతావన్నీ కూతలే అనుకునే మనిషి. పట్టం కట్టుకున్న ఏడాదే, "నా రాజ్యంలో కొండమాట వినపడకూడదు" అని చాటింపు వేయించాడు. కొండల్లో తల్లులు భయపడి పిల్లల నోళ్లు మూశారు. అలా చాలా ఏళ్లు గడిచాయి.

ఏనుగుల సాలలో మాత్రం ఆ మాట మిగిలింది. పట్టపుటేనుగు మేఘినిని గున్నగా ఉన్నప్పటి నుంచి పెంచినవాడు సుక్రు అనే కొండ మావటి. లెమ్మన్నా, తినమన్నా దాని చెవిలో తన మాటలోనే గుసగుసలాడేవాడు. అదేం చిత్రమో, అంత పెద్ద ప్రాణీ ఆ చిన్న మాటకు తల ఊపేది.

ఒకనాడు అది రాజు చెవిన పడనే పడింది. "ఇంకొక్క కూత కూశావో, దేశం దాటిస్తాను!"

సుక్రు ఏడుస్తూ విదూషకుడు బొల్లన దగ్గరికి పోయాడు. "అయ్యా, దాన్ని వదిలి నేనెక్కడికి పోను?"

"ఎక్కడికీ పోవద్దులే తాతా. రేపు ఊరేగింపులో రాజాజ్ఞ పాటించు. నోరు మెదపకు, అంతే."

మర్నాడు రాజు కోట అరుగు మీది నుంచి అంబారీ ఎక్కాడు. ఏటిగట్టు దాకా బాగానే నడిచిన మేఘిని, నీళ్లు కనపడగానే తిన్నగా ఏట్లోకి దిగింది. నడుమ నిలబడి తొండంతో ఒళ్లంతా తడుపుకుంది. పైనున్న రాజు తడిసి ముద్దయ్యాడు.

"ఒరేయ్, గట్టెక్కమని చెప్పరా!"

ఏనుగు మెడ మీదున్న సుక్రు రెండు చేతులా నోరు మూసుకున్నాడు.

"పాపం, తమ ఆజ్ఞ ఉందిగా మహాప్రభూ," అన్నాడు గట్టు మీది బొల్లన. "ఆస్థాన పండితులవారు చెబుతారు లెండి."

పండితుడు మోకాలి లోతు దిగి, గొంతు సవరించుకున్నాడు. "ఓ గజరాజ్ఞీ! తీరమునకు విచ్చేయుము!"

మేఘిని తొండమెత్తి ఆయన మీద నీళ్లు చిమ్మింది.

"చూశారా, దీనికి రాజభాష రాదు!" అన్నాడు బొల్లన. " దేశం దాటించాల్సిందే ప్రభూ. కాకపోతే, ముందు తమరు దిగాలి."

రాజుకు కోపం రాబోయి నవ్వొచ్చింది. అంబారీ ఊగేలా నవ్వాడు. "సుక్రూ, నీ మాటలోనే చెప్పవయ్యా!"

సుక్రు చెప్పాడు. మేఘిని గట్టెక్కి మోకరిల్లింది.

రాజు తన ముత్యాలహారం తీసి బొల్లన మెడలో వేశాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"ఆ చాటింపు వెనక్కి తీసుకోండి ప్రభూ."

తీసుకున్నాడు. మీ మాట మీరు మాట్లాడుకోవచ్చని కొండల్లో మళ్లీ డప్పు మోగింది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరి నోటికీ ఏదీ రాలేదు. తెలిసిన ముసలివాళ్లు అప్పటికే కాలం చేశారు. నేర్పడానికి సుక్రు సిద్ధమే. కానీ చాటింపు పోయినా భయం పోలేదు, పిల్లల్ని ఎవరూ పంపలేదు. రాసి పెట్టుకుందామన్నా ఆ మాటకు అక్షరాల్లేవు. ఈ కథ చెబుతున్న నేను మనవలు పుట్టాక పలక పట్టినదాన్ని, ఆ సంగతి తలుచుకుంటే నాకు ఎలాగో ఉంటుంది.

కొన్నాళ్లకు సుక్రూ పోయాడు. ముందు వేసిన చెరకు మేఘిని ముట్టలేదు. చెవులు విప్పి, వింటూ నిలబడింది.

బొల్లనను వెంటబెట్టుకుని రాజే సాలకు వచ్చాడు. "తినమని చెప్పు బొల్లనా. ఏమడిగితే అదిస్తాను."

"ఆ మాట నాకు రాదు ప్రభూ."

అప్పుడు రాజు చెరకుగడ చేతబట్టుకుని, తనకు తెలిసిన మాటలన్నీ ఒక్కొక్కటే దాని చెవిలో చెప్పి చూశాడట.