కొండ దారిలో ప్లగ్గు రంగు

దరియాసాహెబుగారిని ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. నాదస్వరం పీక నోట్లో పెట్టుకుని తడుపుతూ కూర్చునేవారు. ఆ నిశ్శబ్దంలో అడిగినవాడు తన ప్రశ్న తానే ఇంకోసారి విని, సగం అక్కడికక్కడే వదిలేసుకునేవాడు. మిగిలిన సగానికి సాహెబుగారు ఏదో ఒక పని పురమాయించేవారు. పని చేస్తుండగా జవాబు తగిలితే సరే, తగలకపోతే పనైనా అయ్యేది.

ఆ శనివారం మధ్యాహ్నం అడిగినవాడు కోటిలింగం. ఆయన దగ్గరే నేర్చుకుని, ఇప్పుడు పక్క ఊళ్ళో తానే నలుగురికి నాదస్వరం నేర్పుతున్నవాడు.

“గురువుగారూ, శిష్యుడు పనికిరాడని ఎప్పుడు తేల్చుకోవాలండీ?”

సాహెబుగారు పీక తీసి, “ఎవరు?” అన్నారు.

“తిరుపాలు. నూలుమిల్లులో పని మానుకుని మరీ వచ్చాడు నా దగ్గరికి. రెండేళ్ళు కావస్తోంది. రోజూ తెల్లారేసరికి మా వాకిట్లో కూర్చోబెట్టి సరళీ వరసలు ఊదిస్తున్నాను. ఊపిరి నిలవదు. స్వరం బొంగురు. తడిసిన టపాకాయలాగా తుస్సుమంటుంది. సోమవారానికల్లా వస్తే మళ్ళీ పనిలోకి తీసుకుంటామని మిల్లువాళ్ళు కబురు చేశారట. అది దాటితే ఇంక గేటు తియ్యరు. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. ‘మీరెట్లా అంటే అట్లానేనండీ’ అని నా మొహంలోకి చూస్తున్నాడు.”

“నువ్వేమనుకున్నావు?”

“రేపు పొద్దున పొమ్మని చెప్పేద్దామనే. ఒక మాట మీ చెవిన వేసి...”

“వేశావుగా. పద, నన్ను కొండ మీదికి తీసుకుపో. సాయంత్రం సేవకి వేళవుతోంది.”

కొండ మీద నరసింహస్వామి గుడి. అక్కడ నాదస్వరం సాహెబుగారి తాతల నాటి నుంచీ ఆ ఇంటివాళ్ళదే. కోటిలింగం బండి తీశాడు. బండి అంటే మామూలు సైకిలే. చట్రం మధ్యలో చిన్న టూ స్ట్రోక్ ఇంజను, పైన కొబ్బరిబోండాం అంత పెట్రోలు ట్యాంకు. అన్నీ విడిగా తెప్పించుకుని తనే బిగించాడు. వాద్యంలో అతనికి గురువున్నాడు. ఇంజను విద్యలో మాత్రం తనకు తానే గురువు. అందుకే ఆ శిష్యుడు అంత అధ్వాన్నంగా తయారయ్యాడని ఒప్పుకునేవాడు కూడా.

“దీనికి నిప్పు రాజేసే ప్లగ్గు ఇవాళే కొత్తది వేశానండీ,” అన్నాడు గురువుగారిని వెనక ఎక్కించుకుంటూ. “పొద్దున విప్పి చూస్తే పాతది మసిబొగ్గే. ఇది వేడి పట్టి ఉంచుకునే రకం. ఎంత మసి వచ్చినా తనే కాల్చేసుకుంటుంది.”

“పాతదో?”

“అది వేడి త్వరగా వదిలేస్తుందండీ. చల్లటిది. మన బండికి సరిపడలేదు.”

“ఎన్నాళ్ళబట్టీ సరిపడలేదు?”

“మొదట్నించీ అదే ఉంది లెండి,” అన్నాడు కోటిలింగం, ఆ మాటలో తనకి వ్యతిరేకమైన సాక్ష్యమేదీ ఉన్నట్టు తోచక.

ఊరి పొలిమేర దాటేదాకా బండి బాగానే నడిచింది. మిరపతోటలు వెనకబడి, దారి కొండవైపు ఎక్కడం మొదలుపెట్టాక, ఇద్దరి బరువూ దాని మీద పడింది. కోటిలింగం యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి, కాళ్ళతో కూడా సాయం పట్టాడు. సాహెబుగారు వాద్యాన్ని బిడ్డనెత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని, తల పక్కకి వంచి వింటున్నారు. ఒక మలుపు దగ్గర శిష్యుడి భుజం తట్టారు.

“దీని గొంతులో గులకరాళ్ళు పడ్డాయి, విన్నావా?”

కోటిలింగం వినలేదు. ఇప్పుడు విన్నాడు. ఇంజను లోపల ఎవరో సుత్తితో టకటకా కొడుతున్నట్టుంది. గాభరాపడి ఇంజను ఆపే మీట నొక్కాడు. ఆగలేదు. మళ్ళీ నొక్కాడు. నిప్పు అందకపోయినా ఇంజను తన మానాన తను మండుతూ, ఊగుతూ, నాలుగు దగ్గులు దగ్గి అప్పుడు చచ్చింది.

“మీట నొక్కాక కూడా ఊదుతుందేమిటయ్యా?” అన్నారు సాహెబుగారు దిగుతూ. “మావాళ్ళల్లో ఉన్నారు అట్లాంటి వాళ్ళు. మంగళం పాడినా ఆపరు.”

కోటిలింగం నవ్వలేకపోయాడు. సంచీలోంచి పానా తీసి, తువ్వాలు చేతికి చుట్టుకుని, కాలిపోతున్న ప్లగ్గును విప్పాడు. దాని మూతి మీది పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయి ఉంది. అక్కడక్కడా చిన్న చిన్న పొక్కులు. వేడిని వదలలేక అదే నిప్పుకణమై కూర్చుంది. ఇంకో రెండు మలుపులు ఇట్లాగే ఎక్కించి ఉంటే లోపల పిస్టనుకు చిల్లు పడేది. గురువుగారితో సహా కొండ దారిలో నిలబడిపోయేవాడు.

“పాతది మసిపట్టిందన్నావే, ఎక్కడ విప్పి చూశావు?” అన్నారు సాహెబుగారు, రాయి మీద కూర్చుంటూ.

“మా వాకిట్లోనేనండీ.”

“వాకిట్లోకి ఎట్లా వచ్చింది బండి?”

“సంతకి వెళ్ళి వస్తున్నాను. బజారంతా జనం. గేదెలు, తోపుడు బళ్ళు. అడుగులో అడుగు వేసుకుంటూ, ఆగుతూ, ఇంజను ఊరికే గురగురలాడుతూ...”

మెల్లగా నడిచే ఇంజనులో, పెట్రోలులో కలిపి పోసే నూనె సరిగా కాలదు. కాలని నూనె ప్లగ్గు మీద మసి కడుతుంది. ఆ మసి ప్లగ్గుదీ కాదు, ఇంజనుదీ కాదు, వచ్చిన దారిది. కోటిలింగానికి ఇది తెలియనిది కాదు. తెలిసిన సంగతే సమయానికి గుర్తుకు రాకపోవడం అతని పాత జబ్బు.

సంచీ అడుగున పారేసిన పాత ప్లగ్గు వెతికి తీశాడు. మసి తుడవబోయాడు.

“తుడవకు,” అన్నారు సాహెబుగారు. “ఉన్నదున్నట్టు పెట్టు.”

పెట్టాడు. మొదట బండి రెండు మూడు సార్లు తుమ్మింది. ఒక పొగ మబ్బు వదిలింది. కోటిలింగం భయపడుతూనే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పాడు. ఎక్కుడు దారి నిటారయ్యేకొద్దీ, బరువు మీదపడేకొద్దీ, ఆ తుమ్ములు పోయి ఇంజను ఒకే శ్రుతిలో నిలబడింది. గులకరాళ్ళ చప్పుడు లేదు. గుడి గోపురం కనపడే మలుపు వచ్చింది. అంతకన్నా కష్టమైన ఎక్కుడు ఆ కొండకి లేదు. సాహెబుగారు మళ్ళీ భుజం తట్టారు.

“ఇప్పుడు ఆపు. ఇక్కడే. నెమ్మదించకుండా.”

మీట నొక్కాడు. ఇంజను నొక్కినచోటే ఆగింది. విప్పి చూస్తే, పొద్దున మసిబొగ్గులా ఉన్న ప్లగ్గు మూతి శుభ్రంగా, ఎండబెట్టిన వేరుశనగ పప్పు పైపొర రంగులో ఉంది. ఏ ప్లగ్గైనా సరైన ఇంజనులో ఉంటే ఉండవలసిన రంగు అదే. కోటిలింగం దాన్ని తువ్వాలులో పట్టుకుని చాలాసేపు చూశాడు. కింద దూరంగా మిల్లు పొగగొట్టం కనపడుతోంది. అతని చూపు దాని మీదికి పోయింది, వెనక్కి వచ్చింది.

“తిరుపాలు ఎప్పుడన్నా నిలబడి ఊదాడా?” అన్నారు సాహెబుగారు.

“లేదండీ. వాకిట్లో కూర్చునే.”

“డోలు పక్కన?”

“ఇంకా అందాకా రానివ్వలేదండీ. ముందు వరసలు కుదరాలి గదా అని.”

“ఊఁ.”

గుడి మెట్ల దాకా బండి నడిపించుకుంటూ వెళ్ళారు. సాహెబుగారు చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, వాద్యానికి పీక బిగించారు. లోపల గంట మోగడానికి ఇంకా కాస్త వేళుంది.

“రేపు స్వామి ఊరేగింపు,” అన్నారు. “మెట్ల దారంతా ఊదుతూ ఎక్కాలి. నా పక్కన రెండో నాదస్వరం వాడికి జ్వరం. తిరుపాలుని తీసుకురా.”

కోటిలింగం ఒక మెట్టెక్కి దగ్గరికి వచ్చాడు. “గురువుగారూ, నిండు జనంలో వాడు తుస్సుమంటే? మీ పరువు, స్వామి కార్యం...”

“అంటే అన్నాడు. మిల్లు గేటు సోమవారం దాకా మూయరుగా.”

“అంటే వాణ్ణి ఉంచుకోమంటారా, పొమ్మనమంటారా? ఆ ఒక్క మాటా సెలవియ్యండి.”

సాహెబుగారు పీక నోట్లో పెట్టుకుని తడుపుతూ నిలుచున్నారు. లోపల గంట మోగింది. ఆయన పీక తీసి, వాద్యం పెదవుల దాకా ఎత్తి, ఒక్క క్షణం ఆగారు.

“సగం కొండ ఎక్కాక వాడి మొహం చూడు. బజారు మీదుగా ఇంటికి చేరాక విప్పి చూస్తే, నాలోనూ మసే కనపడుతుంది నాయనా.”