నురగ వేసిన మూడో పక్క

అనగనగా ఒక అడవిలో చెంగడు అనే కుర్ర కోతి దగ్గర నలభై చిలగడదుంపలు ఉండేవి. ఆ అడవిలో ఇంటికో కుందేలును పెంచుకోవడం అలవాటు. ఒక కుందేళ్ళ జంటను కొంటే ఎన్ని దుంపలు వస్తాయో చెంగడు ఇసుకలో పుల్లతో లెక్క వేశాడు. ముప్పై రోజులకు ఒక ఈత. ఈతకు ఆరు పిల్లలు. ఏడాదికి పన్నెండు ఈతలు, డెబ్భై రెండు పిల్లలు. పిల్లకు ఐదు దుంపల చొప్పున మూడు వందల అరవై.

లెక్క రెండుసార్లు సరిచూసుకుని ముళ్ళవ్వ దగ్గరికి వెళ్ళాడు. ముళ్ళవ్వ ముసలి ఏదుపంది. కుందేళ్ళను పెంచి ఇవ్వడం ఆమె పని.

"అన్నిటికన్నా చిన్నది ఇవ్వు అవ్వా. ముద్దుగా ఉంది," అన్నాడు చెంగడు.

"అది ఇంకా పాలు మానలేదు. ముందు కళ్ళు చూడు, ముక్కు చూడు, పళ్ళు చూడు. ముద్దు తర్వాత చూద్దువు," అంది ముళ్ళవ్వ.

చెంగడు అన్నీ చూశాడు. కళ్ళు తేటగా, ముక్కు పొడిగా, పళ్ళు సమంగా ఉన్న నురగ అనే తెల్ల కుందేలును ఎంచుకున్నాడు. జతగా దాని పక్కనే ఉన్న తెల్ల మగ కుందేలును చూపించాడు.

"వాడు దాని తోడబుట్టినవాడు రా. రంగు కలిసిందని అన్నాచెల్లెళ్ళకు జత కడతావా?" అంది ముళ్ళవ్వ. వేరే బొరియలో పుట్టిన మసకడు అనే బూడిదరంగు కుందేలును తెచ్చి ఇచ్చింది. "మరి పుట్టే పిల్లలు ఎవరింటికి వెళ్తాయి?"

"పుట్టనీ అవ్వా. చూస్తే ఎవరు కాదంటారు?"

ముళ్ళవ్వ ఒంటి మీద ముళ్ళు ఒకసారి లేచి పడుకున్నాయి. "సరే, ఒక్కటి గుర్తుపెట్టుకో. నురగ ఈనకముందే మసకణ్ణి వేరే గూట్లో పెట్టు. లేకపోతే ఈనిన రోజే మళ్ళీ కడుపు నిలుస్తుంది."

చెంగడు తల ఊపాడు. ముప్పై దుంపలు ఇచ్చి జంటను ఇంటికి తెచ్చుకున్నాడు.

కొన్నాళ్ళకు నురగ తన పొట్ట మీది బొచ్చు పీక్కుని మెత్తటి పక్క వేసింది. ఆరు పిల్లలు పుట్టాయి. చెంగడు మసకణ్ణి వేరు చేయలేదు. వేరు చేస్తే ఏడాదికి పన్నెండు ఈతలు రావు.

నెల తిరిగేసరికి నురగ మళ్ళీ పక్క వేసింది. ఈసారి బొచ్చు పలచగా పడింది. ఏడు పిల్లలు పుట్టాయి.

మొదటి పిల్లలు పాలు మానాక చెంగడు వాటిని బుట్టలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఎలుగుబంటి ఒకటి తీసుకుంది. కొండముచ్చు ఒకటి, దుప్పి ఒకటి తీసుకున్నాయి. మూడు మిగిలాయి. మర్నాడు మళ్ళీ వెళ్తే దుప్పి గుమ్మంలోనే ఆపేసింది.

"నిన్ననే కదయ్యా ఇచ్చావు. మా ఇల్లేమైనా సత్రమా?" అంది.

ఇంతలో మూడో ఈత దగ్గరపడింది. ఒక పొద్దున నురగ పొట్ట మీద నోరు పెట్టి లాగింది. ఏమీ రాలేదు. అక్కడ గులాబీరంగు చర్మమే ఉంది.

"చెంగా, నీ లెక్క ఒకసారి చదువు," అంది నురగ.

చెంగడు ఇసుకలో ఉన్నది మొత్తం చదివాడు.

"అందులో నా బొచ్చు ఎక్కడుంది?"

చెంగడు వెతికాడు. ఎక్కడా లేదు.

"రేపు ఈనాలి. పక్క వేయడానికి ఏమీ లేదు. గడ్డి నమిలే ఓపిక కూడా లేదు. ఈసారి నేను ఉంటానో లేదో," అంది నురగ.

చెంగడు మసకణ్ణి భుజాన వేసుకెళ్ళి వేరే తొర్రలో దించాడు. అక్కణ్ణుంచే ముళ్ళవ్వ దగ్గరికి పరుగెత్తాడు. ముళ్ళవ్వ అంతా విని, ఒక ముద్ద బూరుగు దూది తెచ్చి చేతిలో పెట్టింది.

"కోప్పడవేం అవ్వా?"

"కోప్పడుతుంటే ఈలోగా వాన వచ్చి దూది తడుస్తుంది. పో."

మర్నాడు ఐదు పిల్లలు పుట్టాయి. సాయంత్రానికి రెండు చనిపోయాయి. మూడు దూదిలో ముడుచుకుని పడుకున్నాయి. నురగ రెండు రోజులు తల ఎత్తలేదు. మూడో రోజు ఒక గడ్డిపోచ అందుకుని సగం నమిలింది. చెంగడు ఆ సగం పోచను లెక్కపెట్టాడు.

మూడు పిల్లలూ పాలు మానాక చెంగడు ఇసుకలో పాత లెక్క చెరిపేశాడు. ఇంట్లో ఉన్న పిల్లలు పదమూడు అని రాశాడు. దాని కింద, వాగు అవతల కుందేలు లేని ఇళ్ళు అని రాసి, పక్కన ఖాళీ వదిలాడు. ఆ ఖాళీ నిండి, పదమూడు పిల్లలూ వెళ్ళాక ఇంకా ఇళ్ళు మిగిలితే, నురగకు బొచ్చు పూర్తిగా వస్తే, అప్పుడే మసకడు ఈ గూటికి తిరిగి వస్తాడు.

"వాగు అవతలికి ఒక పిల్లను వెంట తీసుకెళ్ళు. చూస్తే ఎవరైనా కరిగిపోతారు," అన్నాడు మసకడు తొర్రలోంచి.

"అందుకే తీసుకెళ్ళడం లేదు," అన్నాడు చెంగడు. "ఎండాకాలంలో వాళ్ళు గడ్డి ఎక్కణ్ణుంచి తెస్తారో ముందు అడగాలి."

ఖాళీ చేతులతో వాగు దగ్గరికి వెళ్ళి, నీళ్ళలో ఒక కాలు పెట్టాడు.

నీతి: పిల్లలూ, ఒక ప్రాణిని పెంచేటప్పుడు తల్లి ఒంట్లో సత్తువను, పిల్లలు వెళ్ళే ఇళ్ళను ముందు లెక్కపెట్టండి. పుట్టబోయే పిల్లల లెక్క ఆ తర్వాతే.