దుర్భిణి బేరం

శాంభవమ్మ గారిని ఏదైనా అడిగితే వెంటనే బదులు చెప్పే అలవాటు ఆవిడకి లేదు. అడిగినవాళ్ళ చేత ముందు ఏదో ఒక పని చేయించేవారు. నూకలు చెరగమనేవారు, వాగు దాకా వెళ్ళి రమ్మనేవారు, ఒక్కోసారి ఊరికే కళ్ళు మూసుకుని కూర్చోమనేవారు. ఆ పని ముగిసేసరికి చాలామంది తాము అడగవచ్చిందేమిటో మరిచిపోయేవారట. మరిచిపోనివాళ్ళకి ఒకటి రెండు మాటలు దొరికేవి. ఆ మాటల్లో కొన్ని మా ఇంట్లో ఇప్పటికీ నోటి మీద నడుస్తున్నాయి. దుర్భిణి సంగతి అందులో ఒకటి. నాయనమ్మ చెప్పగా విన్నది విన్నట్టే రాస్తున్నాను. నాకు పూర్తిగా అర్థమైందని మాత్రం చెప్పలేను.

మా పెదతాతగారు నీలాద్రిరాజు గారు ఆ అమ్మకి శిష్యులు. రంప కొండల దిగువన, వాగు పక్కన ఆవిడ ఆశ్రమం. జమీందారీ ఎస్టేట్లు పోయిన కొత్తల్లో మాట ఇది. తాతగారికి తుపాకీ మిగిలింది గాని, దాని వెనకాల నడిచే మందీ మార్బలం మిగలలేదు. ఆ ఏడు వేసవిలో కొండ మీద ఒక చిరుతపులి మనుషులకి అలవాటు పడింది. చింతపండు రాల్చడానికి వెళ్ళిన మనిషిని లాక్కుపోయింది, తర్వాత నీళ్ళకి వెళ్ళిన ఆడపిల్లని. కలెక్టరు గారు దాన్ని కాల్చడానికి తాతగారికి అనుమతి ఇచ్చారు. చిక్కేమిటంటే, కొండ మీద చిరుతలు రెండున్నాయి. మనిషి రక్తం మరిగినది ముందుకాలు కుంటుతుంది. రెండోది పిల్లల తల్లి, ఎవరి జోలికీ పోలేదు. వాగుకి ఇవతల నించి కాల్చాలి, కాల్చేముందు అవతల ఉన్నది ఏదో తెలియాలి. తప్పుదాన్ని కాలిస్తే అసలుది బెదిరి లోపలి అడవికి పోతుంది, ఇంకో ప్రాణం తీశాక గాని దాని జాడ తెలియదు. ఆ పాపం నా నెత్తినే పడుతుందిగా అని తాతగారు అన్నం సరిగ్గా తినేవారు కాదట.

పైగా అవి కొండవాళ్ళు పోడు సాగుకని అడవి కాల్చే రోజులు. పొగలో అవతలి గట్టు మామూలు కంటికి మరకలా ఉండేది. అందుకని దుర్భిణి కొనడానికి కాకినాడ వెళ్ళారు. ఆయన స్తోమతకి దగ్గరగా వచ్చినవి రెండు, వాటిలోనూ ఒకటే కొనగలరు. ఒకటి పెద్దది, పాతది, ఎవరో దొర వదిలి వెళ్ళినది. మూడుకాళ్ళ పీట మీద నిలబెట్టాలి. దానిలో చూస్తే వాగు అవతల ఆకు మీద పాకే పురుగు కూడా తెలుస్తుంది. కాని అందులో చాపంత చోటు కన్నా ఎక్కువ పట్టదు, గాలి వీస్తే బొమ్మ వణుకుతుంది, పొద్దు వాలితే మసకబారుతుంది. రెండోది చిన్నది, కొత్తది, చేత్తో పట్టుకోవచ్చు. దానిలో గట్టు గట్టంతా పడుతుంది, వెలుగు బాగుంటుంది, కాని ఏదీ మరీ దగ్గరికి రాదు. దుకాణదారు పాత పరిచయం మీద రెండూ పట్టుకెళ్ళి చూసుకుని, నచ్చింది ఉంచుకుని రెండోది తిప్పి పంపమన్నాడు.

ఆ మర్యాదే తాతగారి ప్రాణానికి వచ్చింది. పొద్దున పెద్దది బాగుందనిపించేది, మధ్యాహ్నానికి చిన్నది. రేంజరు గారు చిన్నదే పనికొస్తుందన్నారు. పెద్దదాన్ని మించింది లేదని పట్నం నుంచి వచ్చిన ప్లీడరు గారన్నారు. అడిగినకొద్దీ అయోమయం పెరిగింది.

"పెద్దదే ఉంచెయ్యి బావా. దాన్లో చూస్తే రేపు రాబోయే పులి కూడా ఇవాళే కనపడుతుంది" అన్నారు బావమరిది పెద్దిరాజు గారు.

"కనపడుతుంది. నేను దీన్ని అటు తిప్పేలోగా అది ఎల్లుండికి వెళ్ళిపోతుంది."

"అయితే చిన్నది ఉంచు. పులి సంగతి ఎలా ఉన్నా కొండన్నా చూసుకోవచ్చు."

ఇలా కాదని ఒక ఉదయం రెండు దుర్భిణులూ దుప్పట్లో చుట్టుకుని, తుపాకీ పెద్దిరాజు గారి భుజాన పెట్టి, ఆశ్రమానికి వెళ్ళారు. అప్పటికే అమ్మకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. మనిషిని గొంతుని బట్టి పోల్చుకునేవారు. వాగు వైపు వసారాలో కూర్చుని చేటలో చింతగింజలు ఏరుతున్నారు. తాతగారు నమస్కారం చేసి, కథంతా చెప్పి, "ఒక్కటే కొనగలనమ్మా. ఏది ఉంచుకోమంటారు?" అని అడిగారు.

"నాకు అద్దాల సంగతి ఏం తెలుసు నాయనా" అన్నారు అమ్మ. "పెద్దది నిలబెట్టు. అవతలి గట్టు మీద తెల్లబండ ఒకటుండాలి. అక్కడ ఏముందో చూసి చెప్పు. నేను దాన్ని చూసి చాలా కాలమైంది."

తాతగారు పీట సర్ది, అటూ ఇటూ తిప్పి, ఎలాగో బండని పట్టుకున్నారు. పట్టుకున్నవారు అలాగే బిగిసిపోయారు. బండ మీద పసుప్పచ్చని ఒంటి మీద నల్లని మచ్చలు. ఒళ్ళు మెల్లగా పైకి లేచి కిందికి దిగుతోంది.

"పడుకుని ఉంది. ఊపిరి తీస్తోంది" అన్నారు గొంతు తగ్గించి. చెయ్యి వెనక్కి చాపారు. పెద్దిరాజు గారు తుపాకీ అందించారు.

"ఏ కాలు కుంటిది బావా?"

"కాళ్ళు కనపడటం లేదు. మచ్చలు కనపడుతున్నాయి."

"అంత బాగా మచ్చలు కనపడుతుంటే ఇంకా కాళ్ళ దాకా ఎందుకు? లేచిపోతుంది, కానియ్యి."

తాతగారు మోకాలు ఆనించి తుపాకీ ఎత్తారు. అమ్మ చేతిలో గింజలు ఆపి చెవి ఒగ్గారు.

"మేకల గంటలు వినపడుతున్నాయి. మేకలు ఏం చేస్తున్నాయి నాయనా?"

"దీన్లో మేకలు పట్టవమ్మా."

"పట్టేదాన్లో చూడు."

ఇష్టం లేకపోయినా, అమ్మ మాట గనక, ఆయన చిన్నది కంటికి పెట్టుకున్నారు. గట్టంతా వచ్చింది. మేకలు తాపీగా మేస్తున్నాయి. ఒకటి ఏకంగా బండ మీదే, పులికి జానెడు దూరంలో నిలబడి ఆకు నములుతోంది. తాతగారికి మతి పోయింది. పెద్దదాన్లో చూశారు, పులే. చిన్నదాన్లో చూశారు, పులి పక్కన మేక.

"పులి పక్కన మేక నిలబడి నెమరేస్తోంది పెద్దిరాజూ."

"ఏ పూర్వజన్మ స్నేహమో" అన్నారు పెద్దిరాజు గారు.

అంతలో ఒక చెయ్యి వచ్చి పులి అంచు పట్టుకుని ఎత్తింది. అది బొంత. పాత పసుపుచీర మీద నల్లగుడ్డ ముక్కలు అతికి కుట్టినది. రెండు పుల్లల మీద నీడకని పరిచి ఉంటే గాలికి లేచి పడుతోంది. కొండమనిషి ఒకావిడ దాని కింద నుంచి నెలల బిడ్డని తీసి ఒళ్ళో వేసుకుంది, పాలకి. ఆవిడ అప్పుడు వచ్చింది కాదు. మొదటి నుంచీ బండ పక్కనే కూర్చుని ఉంది.

తాతగారు తుపాకీలో గుండు తీసేసి, దాన్ని గోడకి ఆనించి, దానికి దూరంగా వచ్చి కూర్చున్నారు.

చిరుత సంగతి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే వినేవాళ్ళు చివరిదాకా దాని గురించే ఆలోచిస్తారు. ఆ నెలలోనే తాతగారు కుంటిదాన్ని కొట్టారు. దానికి ముందు కొండ మీది గూడేనికి వెళ్ళి, ఎవరు ఏ వేళ ఎటు వెళతారో ఇంటింటా అడిగి వచ్చారు. అదివరకు అలా వెళ్ళిన మనిషి కాదు. ఏ దుర్భిణితో కొట్టారన్నది మాత్రం మా ఇంట్లో ఒకరు ఒకలా చెబుతారు, ఇంకొకరు ఇంకోలా. నాయనమ్మని అడిగితే "ఆ రెండిట్లో ఏదో" అనేది.

ఆ ఉదయం మాత్రం తాతగారు తేరుకున్నాక, "తెలిసిందమ్మా. పెద్దది నన్ను ముంచేసేది. చిన్నదే ఉంచుకుంటాను" అన్నారు.

"చిన్నదాన్లో ఆ తల్లి ఎక్కడుంది?" అన్నారు అమ్మ.

"బండ పక్కనే. ఎండలో."

"నువ్వు చూసినప్పుడు అక్కడే ఉందా?"

"అక్కడే ఉంది."

"మరి మేక ఉందన్నావు గాని, మనిషి ఉందనలేదే."

తాతగారు పెద్దదాని వైపు తిరిగారు. "అయితే పెద్దదే ఉంచమంటారా?"

"పెద్దదని నేనెప్పుడన్నాను?"

"రెండూ తిప్పి పంపేద్దాం బావా" అన్నారు పెద్దిరాజు గారు. "ఇంత డబ్బు పోసి గుడ్డివాళ్ళమవడం దేనికి" అని, ఎవరి ముందు ఏమన్నారో తెలిసి నాలిక కరుచుకున్నారు. అమ్మ నవ్వి, "తప్పు లేదులే, కూర్చో" అన్నారు.

తాతగారు రెండు దుర్భిణుల వంకా మార్చి మార్చి చూశారు. ఒకదాన్లో ఆవిడకి చోటు లేదు. ఇంకోదాన్లో చోటుంది, వెలుగుంది, ఆవిడ ఉంది. లోపం ఏ అద్దంలో ఉందో ఆయనకి అంతుపట్టలేదు. చివరికి ఉన్నమాట చెప్పారు.

"ఏమోనమ్మా. మేకల్ని చూశాను, బండని చూశాను, దాని పక్కన పొదని కూడా చూశాను. ఆ మనిషి మాత్రం నా కంటికి ఆనలేదు."

అందరం అనే మాటే, ఆయనా మామూలుగానే అన్నారు. అనేశాక ఎందుకో ఆగిపోయారు.

అమ్మ చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని, గింజలు తడుముకుంటూ అన్నారు:

"ఆనలేదన్నావు చూడు, ఆ మాటే దుకాణంలో చెప్పు నాయనా. దానికి అద్దం ఏదైనా ఉందేమో అడుగు."