ఎల్లి పన్ను నంబరు

జంటకొండల అడవిలో ఎండలు ముదిరితే పచ్చగడ్డి పరక దొరకదు. అందుకని వానలు తగ్గగానే ప్రతి జంతువూ తాను పోగేసుకున్న మేతలో కొంత పన్నుగా ఉమ్మడి గాదెకు ఇవ్వాలి. ఇవ్వాల్సినదానికంటే ఎక్కువ ఇచ్చినవాళ్లకు ఆ మిగులు మేత ఎండాకాలంలో తిరిగి వస్తుంది. అడవిలో పుట్టినవాళ్లకు పుట్టగానే ఒక నంబరు ఇచ్చేస్తారు. ఏటి అవతలనుంచి వచ్చి ఇక్కడ బతికేవాళ్లకు వేరే పన్ను నంబరు ఉంటుంది. పన్ను కట్టడానికి తప్ప అది మరి దేనికీ పనికిరాదు. వరసగా మూడేళ్లు ఆ నంబరు వాడకపోతే దాని గడువు తీరిపోతుంది.

గాడిద ఎల్లి చాలా ఏళ్ల కిందట ఏటి అవతలనుంచి వచ్చి నంబరు తీసుకున్నదే. తర్వాత అడవి విడిచి నాలుగేళ్లు ఇటుక బట్టీలో మోత మోసి, అక్కడ యజమాని చేతిలో మోసపోయి, కిందటేడు మళ్లీ అడవికి చేరింది. వచ్చిన ఏడాదే ఒళ్లు దాచుకోకుండా జొన్న చొప్ప మోసుకొచ్చి గాదెకు ఇవ్వాల్సినదానికంటే ఎక్కువే పన్ను కట్టింది. ఇప్పుడు కడుపుతో ఉంది. ఎండల్లో చొప్ప తిరిగి వస్తుందనే ధైర్యంతోనే ఉంది.

ఎండలు మొదలవుతుండగానే ఎల్లి గాదె దగ్గరికి వెళ్లింది. అక్కడ లెక్క చూసే తాబేలు కూర్మయ్య ఆమెను చూసి తల బయటకు పెట్టాడు.

"నీ చొప్ప లోపలే ఉంది తల్లీ. కానీ ఇవ్వలేను. నీ నంబరు గడువు తీరింది. రెన్యూ చేయించుకోవాలి."

ఎల్లి చెవులు వెనక్కి వాల్చింది. "కట్టేటప్పుడు తీసుకున్నారు కదా తాతా. ఇచ్చేటప్పుడు గుర్తొచ్చిందా గడువు?"

"ఎవరు కట్టినా కాదనం. తిరిగి ఇవ్వాలంటే మాత్రం నంబరు బతికి ఉండాలి."

"ఈలోపల నా చొప్ప ఎవరైనా తినేస్తే?"

"అనుమానంగా ఉంటే లోపలికొచ్చి చూసుకో."

ఎల్లి నిజంగానే లోపలికి వెళ్లి చూసింది. కట్టలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అయినా కొన్నింటిని మూతితో కదిపి, కింద ఖాళీ ఏమీ లేదని తేల్చుకుని బయటికొచ్చింది.

"ఏం చెయ్యాలి మరి?"

"నీ మెడలో గంట ఉంది కదా, పుట్టిన ఊరి గుర్తు చెక్కినది. నువ్వు నువ్వేనని చెప్పేది అదే. దాన్నయినా తెచ్చి ఇవ్వు, లేదంటే మడుగు దగ్గర కొంగ బాపమ్మకు చూపించు. ఆవిడ అసలు గంటను పరీక్షగా చూసి, మట్టిలో అచ్చు తీసి, దాని మీద తన కాలిముద్ర వేసి ఇస్తుంది. ఆ అచ్చు తెచ్చినా సరిపోతుంది. నంబరు మాత్రం పాతదే ఉంటుంది."

"ఆవిడ నా గంట ఉంచేసుకుంటే?"

"ఉంచుకోదు. చూస్తుండగానే ఇచ్చేస్తుంది. నా మాట నమ్మొద్దులే, వెళ్లి ఆవిణ్ణే అడుగు."

దారిలో ఇప్పచెట్టు నీడన నక్క సింగన్న కూర్చుని ఉన్నాడు. ఎల్లిని చూడగానే లేచి ఎదురొచ్చాడు.

"నంబరు పోయిందట కదా చెల్లెమ్మా. కడుపుతో ఉన్నావు, ఎందుకు తిరుగుతావు? ఆ గంట ఇలా ఇచ్చెయ్యి, నేను చూసుకుంటాను."

ఎల్లి ఆగింది. "నా నంబరు సంగతి నీకెవరు చెప్పారన్నా? నేనిప్పుడే కదా గాదె దగ్గరనుంచి వస్తున్నాను."

"మా పనే అది. చెవులు పెట్టుకుని ఉంటాం."

"కూర్మయ్య తాత నిన్ను పెట్టుకున్నాడా ఈ పనికి?"

"పెట్టుకోవడం ఏంటి, ఆయనా నేనూ ఒకటే. పైగా నీకు కొత్త నంబరు ఇప్పిస్తాను. దాంతో నువ్వు అడవిలో పుట్టినదానివే అయిపోతావు. తర్వాత నిన్ను ఎవరూ పరాయిదానివి అనరు."

ఆ మాట విని ఎల్లికి ఒక్క క్షణం ఆశ పుట్టింది. బట్టీలో ఆమెను పరాయిదానా అనే పిలిచేవారు. కానీ తాబేలు పాత నంబరే ఉంటుందన్నాడు, నక్క కొత్తది అంటున్నాడు. ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారు.

"గంట ఎప్పుడు తిరిగిస్తావు?"

"పనయ్యాక."

"పని ఎప్పుడవుతుంది?"

"అయినప్పుడు అవుతుంది చెల్లెమ్మా. ఆఫీసు పనులు మన చేతుల్లో ఉంటాయా?"

"ఇంటికెళ్లి ఆలోచించుకుని వస్తాను" అని ఎల్లి నడిచింది.

నక్క బొరియ వెనక గొర్రె గౌరమ్మ మట్టి తవ్వుతోంది. మూతి నిండా దుమ్ము. ఆమె మెడ బోసిగా ఉంది.

"ఇదేం పని గౌరమ్మా? సింగన్న బొరియ నువ్వెందుకు తవ్వుతున్నావు?"

"నా గంట ఆయన దగ్గరుంది" అంది గౌరమ్మ తల ఎత్తకుండానే. "వానల ముందు ఇచ్చాను. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అంటున్నాడు. గట్టిగా అడిగితే ఏట్లో పారేస్తానంటాడు. గంట లేకపోతే నేనెవరినని చెప్పుకోను? అందుకే చెప్పిన పని చేస్తున్నాను. నేనొక్కదాన్నేనా, మేకలవి కూడా ఆయన దగ్గరే ఉన్నాయి."

ఎల్లి నేరుగా మడుగు దగ్గరికి వెళ్లింది. కొంగను కూడా దూరంనుంచి చాలాసేపు గమనించింది. ఒక అడవిపంది వచ్చి గంట చూపించింది. కొంగ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మట్టిలో నొక్కి, కాలిముద్ర వేసి, గంటను పంది ముందే పెట్టేసింది. అప్పుడు గానీ ఎల్లి దగ్గరికి పోలేదు.

"కొత్త నంబరు ఇప్పిస్తారా బాపమ్మక్కా?" అని కావాలనే అడిగింది.

"ఉన్నదాన్ని బతికించడమే. కొత్తది ఎవరిస్తామన్నారు నీకు?"

"ఊరికే అడిగాను."

"దీంతో అడవిలో పుట్టినదానివేమీ అయిపోవు, ముందే చెబుతున్నాను. పన్ను వరకే."

మాటలు తాబేలు చెప్పినవాటితో సరిపోయాయి. ఎల్లి మెడ వంచి గంట ఇచ్చింది. అచ్చు తీస్తున్నంతసేపూ రెప్ప వెయ్యకుండా చూసింది. కొంగ నవ్వుకుంది. గంట తిరిగి మెడలో పడ్డాక ఎల్లి అచ్చును తీసుకెళ్లి కూర్మయ్యకు అప్పగించింది.

"కొన్ని వారాలు పడుతుంది" అన్నాడు తాబేలు.

"తాతా, సింగన్న మీ మనిషేనా?"

"నాకు మనుషులెవరూ లేరు. ఎందుకలా అడుగుతున్నావు?"

ఎల్లి చెప్పింది. తాబేలు తల అడ్డంగా ఊపాడు. "ఒకరి మాట మీద నేరం మోపలేను తల్లీ. ఆ గొర్రె, మేకలు భయపడి నోరు విప్పవు. వాడి నోటితోనే బయటపడాలి."

మర్నాడు ఎల్లి గంట తీసి తన కొట్టంలో గడ్డి కింద దాచింది. ఎండిన వెలగకాయ డొల్లలో రేకు ముక్కలు వేసి, దాన్ని టేకాకుల్లో చుట్టి, తీగతో గట్టిగా బిగించింది. ఆ మూట సింగన్న ముందు పెట్టింది.

"ఆలోచించుకున్నానన్నా. నువ్వే చూసుకో."

నక్క మూట ఊపి చూశాడు. లోపల గలగలమంది. బోసిగా ఉన్న ఎల్లి మెడకేసి చూసి, విప్పకుండానే బొరియలోకి తోసేశాడు.

"వెళ్లిరా చెల్లెమ్మా. అన్నట్టు, సాయంత్రం వచ్చి కాస్త మట్టి మొయ్యి. నాకూ ఖర్చులుంటాయి కదా."

ఎల్లి మారు మాట్లాడకుండా మోసింది. కొద్దిరోజులు పోయాక అడిగింది. "నా గంట ఆఫీసులో ఇచ్చావా?"

"ఇచ్చాను. కూర్మయ్య స్వయంగా చేతిలో పట్టుకుని చూశాడు."

"అయితే గాదె దాకా వచ్చి ఆ మాట చెప్పన్నా. మా అక్క కూడా తన గంట ఇస్తానంటోంది. ఆఫీసులో నీ మాట చెల్లుతుందని కళ్లారా చూస్తేనే ఇస్తుందట."

ఇంకో గంట వస్తుందనగానే సింగన్న తోక ఊపుకుంటూ బయల్దేరాడు. గాదె దగ్గర మేకలు, గౌరమ్మ, బాపమ్మ అప్పటికే ఉన్నారు. వాళ్లను రమ్మన్నది ఎల్లి. నక్క కాస్త తటపటాయించాడు గానీ వెనక్కి తిరిగితే బాగోదని ముందుకే నడిచాడు.

"కూర్మయ్యా, ఎల్లి గంట మొన్న నీకిచ్చాను కదా, గుర్తుందా?" అని అడుగుతూ కన్ను గీటాడు.

"గుర్తు లేదే" అన్నాడు తాబేలు. "గంట మీద ఏ గుర్తుంది?"

"ఏముంటుంది, ఊరి గుర్తు. చంద్రవంక."

"నువ్వు బాగా చూశావా?"

"చూడకుండా ఇస్తానా? ఈ చేత్తోనే తుడిచి ఇచ్చాను."

ఎల్లి వెనక్కి తిరిగి సైగ చేసింది. వెనకనుంచి అడవిపంది ఒక మూట తెచ్చి మధ్యలో పెట్టింది. ఎల్లి, నక్క ఇటు బయల్దేరగానే, ఎల్లి ముందే చెప్పి ఉంచినట్టు, బొరియ తవ్వి తెచ్చిన మూట. తీగ ముడి వేసింది వేసినట్టే ఉంది. ఎల్లి పళ్లతో ముడి తెంపింది. వెలగకాయ డొల్ల దొర్లి నక్క కాళ్ల దగ్గర ఆగింది.

మేకలు నక్క వెనక్కి చేరాయి. తర్వాత గౌరమ్మ, ఇన్నాళ్లూ తల ఎత్తనిది, మెల్లగా అడిగింది. "మరి నాది ఎక్కడుంది సింగన్నా?"

"భద్రంగా దాచానమ్మా, నీ మంచికే" అంటూ నక్క వెనక్కి జరిగాడు. వెనక మేకలు కొమ్ములు దించి నిలబడి ఉన్నాయి.

అడవిపంది మళ్లీ వెళ్లి బొరియ అడుగంటా తవ్వింది. గంటలన్నీ బయటపడ్డాయి. ఎవరిది వాళ్లు మెడలో వేసుకున్నారు. గౌరమ్మ తన గంటను మాటిమాటికీ కదిపి ఆ చప్పుడు విన్నది.

వారాలు గడిచాక ఎల్లి నంబరు మళ్లీ బతికింది. పాత నంబరే. ఆమె చొప్ప ఆమెకు వచ్చింది. ఎండలు మండిపోతున్నప్పుడు కొట్టంలోనే పిల్లను కన్నది.

అదే ఎండల్లో సింగన్న డొక్కలు ఎండి గాదె దగ్గరికి వచ్చాడు. ఏడాదంతా పరుల చేత పని చేయించుకున్నాడే గానీ తాను ఒక్క గింజ పోగెయ్యలేదు, పన్నూ కట్టలేదు. ఎల్లి అక్కడే చొప్ప నెమరేస్తున్నట్టు మెల్లగా నములుతోంది.

"నీ నంబరు?" అన్నాడు కూర్మయ్య.

నక్క నేల చూశాడు. అతనూ ఏటి అవతలనుంచి వచ్చినవాడే, అతని నంబరుకూ గడువు తీరి ఎన్నాళ్లో అయింది.

"మడుగు దగ్గర బాపమ్మక్క ఉంది" అంది ఎల్లి. "నీ గుర్తు నువ్వే తీసుకెళ్లి చూపించన్నా. దారిలో ఎవరడిగినా ఇవ్వకు."

నీతి: నీ పని చేసిపెడతానంటూ నీ గుర్తునే దాచుకునేవాడు నిన్ను పనిలో పెట్టుకోవడానికే వచ్చాడు.