కమ్మరి పలికిన పేరు

ఐర్లండులో ఒక చిన్న పట్నం ఉండేది. దాని తరఫున లండన్ పార్లమెంటులో ఒక్కడు కూర్చునేవాడు. ఆ ఒక్కడు ఎవరన్నది పట్నం యజమాని అయిన ప్రభువు తేల్చేవాడు. ఇళ్లూ అంగళ్లూ ఆయనవి. వాటిలో ఉండేవాళ్ల ఓట్లూ తనవేనని ఆయన నమ్మకం. ఓటు నోటితో చెప్పే కాలం అది. అరుగెక్కి, అందరూ వినేలా పేరు పలకాలి.

ఆ పట్నంలో ఒక కమ్మరి ప్రభువుకు చెందిన ఒక ఇంట్లోనే అద్దెకుండి, ప్రభువు గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. ఆ ఏడు ఎన్నికల్లో ప్రభువు తన మేనల్లుణ్ణి నిలబెట్టాడు. అతను ఆ పట్నం ముఖమైనా చూసి ఎరగడు. పోటీగా అక్కడే పుట్టి పెరిగిన తోళ్ల వర్తకుడు నిలబడ్డాడు.

ఎన్నికల ముందురోజు ప్రభువు వ్యవహారాలు చూసే దివాను కొలిమి దగ్గరికి వచ్చాడు.

"ఏమోయ్, రేపు ఏ పేరు చెప్పాలో గుర్తుందిగా?"

"రెండు పేర్లూ గుర్తున్నాయండి," అన్నాడు కమ్మరి.

"ఇల్లెవరిదో కూడా గుర్తుంచుకో."

దివాను వెళ్లాక కమ్మరి భార్య వంక చూశాడు. ఆమె చంకలో బిడ్డ ఉంది. తన మనసులో ఉన్న పేరు వద్దని ఆమె అంటే బాగుండునని అతనికి ఒక్క క్షణం అనిపించింది.

"గొణిగేవు సుమా," అందామె. "నేను జనంలో వెనకుంటాను. నాకు వినపడాలి."

మర్నాడు అద్దెవాళ్లు ఒకరి వెనక ఒకరు అరుగెక్కి, తల వంచుకుని మేనల్లుడి పేరు చెప్పి దిగిపోయారు. కమ్మరి వంతు వచ్చింది. దివాను ఎదురుగానే ఉన్నాడు. కమ్మరి అతని తల మీదుగా దూరానికి చూసి, సమ్మెట వేసినట్టు వర్తకుడి పేరు పలికాడు. చప్పట్లు పడలేదు. వెనక వరసలో ఒక ఆడమనిషి మాత్రం బిడ్డను భుజం మీదికి ఎత్తుకుంది.

మేనల్లుడే గెలిచాడు. వారం తిరక్కుండానే కమ్మరి సామాను వీధిన పడింది. అతనికి చోటివ్వడానికి ఊళ్లో ఎవరికీ ధైర్యం చాలలేదు. పొలిమేర దాటి, బాట పక్కన గుడ్డపాక వేసుకుని, ఇనుము పెట్టి కొట్టే దాగలి పాతుకున్నాడు. వానలు పడ్డా కొలిమి ఆరనివ్వలేదు.

గెలిచినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, భుజాల మీద ఊళ్లోకి తీసుకుపోవడం అక్కడి ఆనవాయితీ. మేనల్లుడు లండన్ నుంచి వచ్చినరోజు ఆ అద్దెవాళ్లే ఎదురేగారు, వాళ్లలో నలుగురు కుర్చీ మోశారు. బాజాలతో ఊరేగింపు గుడ్డపాక ముందుకు వచ్చింది. కమ్మరి సమ్మెట ఆపి నిటారుగా నిలబడ్డాడు.

ముందు మోస్తున్న రొట్టెలవాడు ఆగాడు. మిగతా ముగ్గురూ ఆగారు. బాజాలూ ఆగాయి. నలుగురూ కుర్చీని మెల్లగా, ఏ కుదుపూ లేకుండా, బురదలో దించారు. టోపీలు తీసి కమ్మరి ముందు నిలబడ్డారు.

"ఇక్కడ దించారేం?" అన్నాడు మేనల్లుడు.

రొట్టెలవాడు వెనక్కి తిరగలేదు.

"మా ఊరు వచ్చిందండి," అన్నాడు.

మేనల్లుడు అటూ ఇటూ చూశాడు. పొలిమేర రాయి ఇంకా ముందెక్కడో ఉంది. ఇక్కడ నిప్పూ, దాని పక్కన ఒక మనిషీ, బిడ్డనెత్తుకున్న అతని భార్యా తప్ప అతనికి ఇంకేమీ కనపడలేదు.